నాలుగేళ్లుగా వాడుతున్న సెంటు ఇప్పుడెందుకు పడటం లేదు?

ప్రశ్న పెద్దది కాబట్టి ముందు దాని సారం చెప్తాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒకావిడకి ఐదు నెలలుగా మెడకి రెండు పక్కలా, చంకల్లో చర్మం ఎర్రగా కంది, దురదపెట్టి, పొట్టు రాలుతోంది. సెంటు నాలుగేళ్ల నుంచీ ఒకటే కాబట్టి దాని మీద ఆవిడకి అనుమానం లేదు. సబ్బు మార్చారు, ‘నేచురల్’ అని రాసి ఉన్న లోషన్‌కి మారారు. తగ్గకపోగా ఎక్కువైంది. అలర్జీ ప్యానెల్ అని ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే వంకాయ, రొయ్యలు, వేరుశనగ అని వచ్చింది. మూడూ మానేశారు, తేడా లేదు. ఇంతకీ ఏ పదార్థం పడటం లేదో చెప్పమంటున్నారు.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని, ప్యాచ్ టెస్టులు (అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి చూసే పరీక్షలు) చేయడం నా రోజువారీ పని. చర్మం చూడకుండా ఫలానా పదార్థమే అని పేరు పెట్టి చెప్పలేను. కానీ మీరు రాసిన వివరాలు చదివితే మొదటి అనుమానం సువాసన పదార్థాల మీదకే పోతుంది. అందులోనూ, మీరు నిర్దోషి అని పక్కన పెట్టేసిన ఆ సెంటు మీదకే.

‘ఇన్నేళ్లు ఏమీ కాలేదు కదా డాక్టర్’ అని మీలాగే చాలామంది అంటారు. ఈ రకం అలర్జీ తీరే అంత. సువాసన పదార్థాల అణువులు చాలా చిన్నవి, చర్మం పైపొర దాటి లోపలికి పోతాయి. అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటాయి. చర్మంలో ఉండే లాంగర్‌హాన్స్ కణాలు దాన్ని పరాయిదిగా పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్తాయి, అక్కడ టీ కణాలు అనే రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. దీనికి తక్కువలో తక్కువ పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి వాడాక గానీ జరగదు. జరుగుతున్నప్పుడు ఒంటి మీద ఏ గుర్తూ కనిపించదు కూడా. ఒకసారి ఆ కణాలు తయారయ్యాక మాత్రం, మళ్లీ తగిలినప్పుడల్లా చర్మం తిరగబడుతుంది. కాబట్టి నాలుగేళ్లుగా వాడుతున్నారన్నది సెంటును వదిలేయడానికి కారణం కాదు. మెడ మీద అదే చోట రోజూ కొట్టుకోవడం, చంకల్లో వ్యాక్సింగో షేవింగో అయిన వెంటనే డియోడరెంట్ వాడటం లాంటివి ఆ పరిచయాన్ని ఇంకా తేలిక చేస్తాయి.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఇది ఆలస్యంగా బయటపడుతుంది. పదార్థం తగిలిన గంటలో దురద రాదు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. శనివారం పెళ్లికి సెంటు కొట్టుకుని వెళ్తే సోమవారం మెడ మండుతుంది, మనం మాత్రం ఆదివారం తిన్న చేపల పులుసును తిట్టుకుంటాం. దద్దుర్లు దీనికి పూర్తిగా వేరు. అవి నిమిషాల్లో లేస్తాయి, ఒక్కోటీ 24 గంటల్లోపే మాయమై ఇంకోచోట లేస్తుంది. మీది ఉన్నచోటే రోజుల తరబడి ఉండి పొట్టు రాలుతోంది కాబట్టి ఇది ఎగ్జిమా తరహా. ఏదో ఒకటి తగలడం వల్ల చర్మం ఇలా అయితే డాక్టర్లు కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు.

రక్తపరీక్ష సంగతికి వస్తాను, ఎందుకంటే దీని మీద డబ్బు తగలేసుకుని వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ ప్యానెల్ వెతికేది ఐజీఈ అనే యాంటీబాడీని. దద్దుర్లు, ఉబ్బసం, తిన్న వెంటనే పెదాలు వాచడం లాంటి వాటికి సంబంధించిన దారి అది. మీ సమస్య టీ కణాలది, అది ఆ రక్తపరీక్షలో కనపడదు. పైగా ఐజీఈ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు, శరీరం దాన్ని ఎరుగును అని మాత్రమే. వంకాయ, రొయ్యలు, వేరుశనగ తిన్నప్పుడు మీకు ఎప్పుడూ పెదాలు వాయడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు లాంటివి రాకపోతే నిక్షేపంగా తినండి. ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం నా మాట పట్టుకోకుండా డాక్టర్ని అడిగి తినండి.

ఇక చోటు. ఈ జబ్బులో ఎక్కడ వచ్చిందన్నదే సగం సాక్ష్యం. చంక మధ్య గుంటలో ఎర్రగా ఉంటే డియోడరెంట్‌ను అనుమానిస్తాం. గుంట బాగానే ఉండి చుట్టూ అంచుల్లో, బట్ట ఒరుసుకునే చోట ఉంటే బట్టలకు వేసిన రంగులను, ఫినిషింగ్ రసాయనాలను అనుమానిస్తాం. అద్దంలో చూసుకోండి, ఈ ఒక్క తేడాతోనే చాలా తేలుతుంది. మెడకి రెండు పక్కలా, గొంతు ముందు గుండ్రంగా ఉంటే స్ప్రే పడే చోటది. ఇమిటేషన్ గొలుసులోని నికెల్ అయితే మెడ చుట్టూ గీతలా వస్తుంది, వెనక కొక్కెం దగ్గర ఎక్కువగా ఉంటుంది. నుదుటి అంచు, చెవుల వెనక, మెడ పక్కలు కలిసి వస్తే షాంపూ, కండిషనర్, తలకు రాసే నూనె గుర్తుకు రావాలి, తల కడిగిన నీళ్లు జారే దారి అదే కాబట్టి. ఒక్కోసారి మీరు వాడనిది కూడా దోషి కావచ్చు. భర్త ఆఫ్టర్‌షేవ్ భార్య చెంపకు తగిలి వచ్చిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి, మా దగ్గరికీ వస్తాయి.

మన ప్రాంతంలో దీన్ని పోలిన ఇంకో దొంగ ఉంది. వయ్యారిభామ, కొన్ని ఊళ్లలో కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని ఎండిన పొడి గాల్లో కొట్టుకొచ్చి కనురెప్పలు, మెడ మడతలు, చెవుల వెనక, మోచేతి మడతల్లో కూర్చుంటుంది. ఇంటి పక్కన ఖాళీ స్థలం నిండా అది ఉంటే, బండి మీద పొలాల పక్క రోడ్డులో తిరుగుతుంటే, ముఖ్యంగా కనురెప్పలు కూడా ఉబ్బుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. రెండూ ఒకే మనిషిలో ఉండటమూ మామూలే.

సువాసన పదార్థం అంటే ఒక పదార్థం కాదు. ఒక్క సెంటు సీసాలో పదులు, కొన్నిట్లో వందల పదార్థాలు ఉంటాయి. అందుకే ప్యాచ్ టెస్టులో ముందుగా మిశ్రమాలు పెడతాం. 1970ల చివర నుంచీ వాడుకలో ఉన్న ఫ్రాగ్రెన్స్ మిక్స్ ఒకటిలో ఎనిమిది ఉంటాయి: సిన్నమాల్, సిన్నమైల్ ఆల్కహాల్, యూజినాల్, ఐసోయూజినాల్, జెరానియోల్, హైడ్రాక్సీసిట్రొనెల్లాల్, ఆల్ఫా అమైల్ సిన్నమాల్, ఓక్ మాస్ అనే చెట్టు నాచు సారం. పేర్లు పరాయివిలా ఉన్నా సరుకు మన వంటింట్లోదే. సిన్నమాల్ దాల్చినచెక్క వాసన, యూజినాల్ లవంగం వాసన, జెరానియోల్ గులాబీలో ఉంటుంది. మిక్స్ రెండులో నిమ్మగడ్డి వాసన తెచ్చే సిట్రాల్, సిట్రొనెల్లోల్, ఫార్నెసాల్, కౌమరిన్ లాంటి వాటితోపాటు లైరల్ అనే కృత్రిమ పదార్థం ఉంటుంది. డియోడరెంట్లలో లైరల్‌ను విపరీతంగా వాడారు, అలర్జీలూ అలాగే వచ్చాయి. చివరికి యూరప్ 2017లో నియమం చేసి దాన్నీ, ఓక్ మాస్‌లోని రెండు ఘాటైన అణువులనూ నిషేధించింది. 2021 ఆగస్టు తర్వాత అక్కడ అవి ఉన్న సౌందర్య సాధనాలు అమ్మడానికే వీల్లేదు. వీటికి తోడు పెరూ బాల్సమ్ అనే చెట్టు జిగురు పెడతాం. పేరు పెరూదే గానీ వచ్చేది ఎల్ సాల్వడార్ నుంచి. దానికి అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి మన సాంబ్రాణి కూడా పడదు, రెండిట్లోనూ బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాల బంధువులు ఉండటం వల్ల.

ఇప్పుడు మీ ‘నేచురల్’ లోషన్ ఎందుకు పని చేయలేదో మీకే తెలిసిపోయి ఉంటుంది. గులాబీ నుంచి తీసిన జెరానియోల్‌కూ ఫ్యాక్టరీలో తయారైన జెరానియోల్‌కూ చర్మానికి తేడా తెలియదు. ఎసెన్షియల్ ఆయిల్స్ దట్టించిన లోషన్ అంటే, అలర్జీ ఉన్నవాళ్లకు సెంటు మానేసి సెంటులోని సరుకునే ఒళ్లంతా పూసుకున్నట్టు. మీరు వస్తువులు మార్చారు గానీ వాసనను మార్చలేదు, మానలేదు. అందుకే ఎక్కువైంది.

లావెండర్, నారింజ తొక్క నూనెల గురించి ఒక ప్రత్యేకమైన విషయం ఉంది. వాటిలోని లినలూల్, లిమోనిన్ తాజాగా ఉన్నప్పుడు అంత ప్రమాదకరం కావు. గాలి తగిలి ఆక్సీకరణ చెందితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, అసలు అలర్జీ తెచ్చేవి అవి. స్వీడన్ శాస్త్రవేత్తలు దీని మీద చాలా పని చేశారు. కాబట్టి మూత సరిగ్గా పెట్టని, ఎండలో కారులో పెట్టి మర్చిపోయిన పాత సీసా కొత్త సీసా కంటే ప్రమాదం. వాసన బాగానే ఉంది కదా అని నమ్మకండి.

అత్తరు విషయంలోనూ ఇదే అపోహ. చార్మినార్ దగ్గర కొన్న అత్తరులో ఆల్కహాల్ లేదు కాబట్టి చర్మానికి మంచిదంటారు. ఆల్కహాల్ మంట పుట్టిస్తుంది, నిజమే. కానీ అలర్జీకి కారణం ఆల్కహాల్ కాదు, సువాసన పదార్థం. అది అత్తరులో సెంటు కంటే చిక్కగా ఉంటుంది, పైగా మణికట్టుకు, చెవి వెనక నేరుగా రుద్దుతాం.

సున్నిపిండి వాడటం మొదలుపెట్టానని కూడా రాశారు. పెసరపిండి, శెనగపిండి వరకు నాకు ఇబ్బంది లేదు. కానీ చాలా ఇళ్లలో, కొన్ని రెడీమేడ్ ప్యాకెట్లలో వాసన కోసం కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీతోపాటు బావంచాలు కూడా వేస్తారు. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. తెల్లమచ్చలకు ఎండతో కలిపి వాడే మందులు ఆ జాతివే. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కాలినట్టయి నల్లబడుతుంది. ఇది అలర్జీ కాదు, ఎండతో జరిగే రసాయన చర్య, ఎవరికైనా రావచ్చు. శుద్ధి చేయని బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) నూనె కలిసిన సెంటు కొట్టుకుని ఎండలో తిరిగితే మెడ మీద ధార కారినట్టు నల్లటి చార పడటానికీ ఈ సోరాలెన్ కుటుంబమే కారణం.

నలుపు గురించి ఇంకో మాట. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో ఈ అలర్జీ కొన్నిసార్లు ఎరుపు, దురద పెద్దగా లేకుండా నేరుగా బూడిద రంగు మచ్చగా కనిపిస్తుంది. దాన్ని మంగు అనుకుని తెల్లబడే క్రీములు రాస్తారు, వాటిలోనూ సెంటు ఉంటుంది. 1970ల్లో జపాన్‌లో సౌందర్య సాధనాల వల్ల ఇలాంటి మచ్చలు చాలామంది ఆడవాళ్లకు వచ్చాయి. కారణమైన సువాసన పదార్థాలను, రంగు మలినాలను కంపెనీలు తీసేశాక కేసులు బాగా తగ్గిపోయాయి. మన దగ్గర నుదుటి మీద కుంకుమ పెట్టే చోట నల్లబడటం ఈ కోవలోదే. పసుపూ సున్నంతో చేసిన కుంకుమ కాదు, రంగూ సెంటూ కలిపిన బజారు కుంకుమ మీద అనుమానం ఎక్కువ. స్టిక్కర్ బొట్టు కింద తెల్లబడితే కథ వేరు, అది జిగురు వల్ల.

లేబుల్ చదవడం నేర్చుకోవాలి గానీ దాన్నే నమ్ముకోకూడదు. యూరప్‌లో 2005 నుంచి 26 సువాసన పదార్థాలను విడిగా పేరు పెట్టి రాయాలి, ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటితే. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు, కొత్తగా మార్కెట్లోకి వచ్చే వస్తువులకు 2026 జులై 31 నుంచి, పాతవాటికి 2028 జులై 31 నుంచి వర్తిస్తుంది. మన దగ్గర చాలా డబ్బాల మీద ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉన్న చుట్టాలను అదే బ్రాండ్ డబ్బా ఫోటో పంపమంటే కొంత తెలుస్తుంది, కానీ రెండు దేశాల్లో ఫార్ములా ఒకటే అనుకోకండి.

‘అన్‌సెంటెడ్’ అని ఉంటే సంతోషపడొద్దు. ముడిసరుకు వాసనను కప్పడానికి కలిపిన సువాసన పదార్థం అందులో ఉండొచ్చు. మీకు కావలసింది ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’. అప్పుడు కూడా పదార్థాల జాబితాలో పర్ఫ్యూమ్, అరోమా, ఏదైనా పువ్వు లేదా తొక్క నూనె పేరు ఉందేమో చూడండి. బెంజైల్ ఆల్కహాల్ లాంటివి నిల్వ ఉంచే మందు పేరుతో వస్తాయి, కానీ అవి కూడా ఆ 26లో ఉన్నవే.

ఇప్పుడు ఏం చేయాలి. ఆరు వారాలపాటు ఒంటి మీద ఉండిపోయే వాసన వస్తువులన్నీ ఒకేసారి ఆపండి: సెంటు, డియోడరెంట్, టాల్కమ్ పౌడర్, లోషన్, వాసన కలిపిన తలనూనె, సున్నిపిండి. ఒక్కోటి మానుతూ చూస్తానంటే ఎన్నటికీ తేలదు. సబ్బు, షాంపూ వాసన లేనివి వాడండి. తేమకు పెట్రోలియం జెల్లీ గానీ ఏమీ కలపని కొబ్బరినూనె గానీ చాలు. చెమట వాసనకు తడిపిన పటిక ముక్క రాసుకోండి, గాట్లు మానాక. బట్టల సోపును అందరూ తిడతారు గానీ, బాగా జాడిస్తే దాని వల్ల వచ్చేది తక్కువ. బట్టలకు వాసన తెచ్చే కండిషనర్ మాత్రం ఆపండి. అగరుబత్తి, సాంబ్రాణి పొగ మీ కనురెప్పలకో ముఖానికో వస్తే ఆపాలి, మెడకీ చంకలకీ అయితే దాని జోలికి వెళ్లక్కర్లేదు. టూత్‌పేస్టు పెదాల చుట్టూ వస్తేనే. తలలో మల్లెపూలు నేను మాన్పించను.

దీనితో పాటు మంట తగ్గడానికి డాక్టర్ కొద్దిరోజులకు స్టెరాయిడ్ క్రీము ఇస్తారు. ఎంత ఘాటుదో, ఎన్ని రోజులో వాళ్లు చెప్పినట్టే వాడండి, మడతల్లో చర్మం త్వరగా పలచబడుతుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే, స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిసిన ట్యూబు మాత్రం ముట్టుకోకండి. వాటిలో చాలావాటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయోటిక్ స్వయంగా అలర్జీ తేగలదు. స్టెరాయిడ్ రెండు రోజులు హాయిగా ఉంచి, ఆపగానే తిరగబెట్టి, మళ్లీ కొనిపిస్తుంది. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం చేసింది. షాపుల్లో ఎలా జరుగుతోందో మీకూ తెలుసు.

పక్కా సమాధానం మాత్రం ప్యాచ్ టెస్టులోనే ఉంటుంది. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లో ఒక్కో పదార్థం పెట్టి అంటిస్తాం. 48 గంటలు ఉంచి తీసి చూస్తాం, మళ్లీ 72 లేదా 96 గంటలకు చూస్తాం. కొన్ని ఆలస్యంగా పైకొస్తాయి కాబట్టి వారానికి ఇంకోసారి రమ్మనడమూ ఉంది. సూదుల్లేవు, రక్తం లేదు. మన దేశానికి తగ్గట్టుగా కాంటాక్ట్ అండ్ ఆక్యుపేషనల్ డెర్మటోసెస్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఆమోదించిన కిట్ ఉంది, అందులో సువాసన మిశ్రమంతోపాటు వయ్యారిభామ, నికెల్, హెయిర్ డై రసాయనం కూడా ఉంటాయి. కాబట్టి మీ అనుమానితులందరినీ ఒకేసారి నిలబెట్టొచ్చు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, అందుకే మే నెలలో పెట్టించుకుంటే అతుకులు ఊడిపోతాయి. నవంబరు, ఫిబ్రవరి మధ్య చూసుకోండి. దురద మాత్రలు సాధారణంగా ఆపనక్కర్లేదు, స్టెరాయిడ్ మాత్రలు, వీపు మీద రాసే క్రీములు టెస్టును చెడగొడతాయి.

ఇంట్లో మీరు చేసుకోగలిగేది ఒకటి ఉంది. చర్మం పూర్తిగా మానాక, క్రీము, లోషన్ లాంటి ఒంటి మీద ఉంచుకునే వస్తువును మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు నుంచి 14 రోజులు రాసి చూడండి. ఎర్రబడితే ఆపేయండి. సబ్బు, షాంపూ, చిక్కటి ఎసెన్షియల్ ఆయిల్, హెయిర్ డైతో ఈ పని చేయకండి, చర్మం కాలుతుంది.

సువాసన మిశ్రమం పాజిటివ్ వస్తే ఎనిమిదిలో ఏదో విడదీసే టెస్టు పెద్ద సెంటర్లలో దొరుకుతుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన సెంటును వదిలేయకండి, అందులో లేనివి చాలా ఉన్నాయి. ఈ అలర్జీ జీవితాంతం ఉంటుంది, కానీ మోతాదును బట్టి. కొందరు చర్మానికి తగలకుండా బట్టల మీద కొద్దిగా కొట్టుకుని ఇబ్బంది లేకుండా ఉంటారు, కొందరికి అదీ పడదు. పెరూ బాల్సమ్ పాజిటివ్ ఉండి, వస్తువులన్నీ మానినా తగ్గకపోతే అప్పుడు మాత్రమే లవంగం, దాల్చినచెక్క, వెనీలా, నిమ్మజాతి తొక్కల గురించి ఆలోచిస్తాం. ముందే బిర్యానీ మానేసి రాకండి.

చర్మం రసి కారినా, చీము పట్టినా, కళ్లు వాచినా, జ్వరం వచ్చినా ఆరు వారాలు అని కూర్చోకుండా వెంటనే చూపించుకోండి.

టెస్టుకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఒంటికి తగిలేవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, ఖాళీ అయిన డబ్బాలతో సహా. ఆ నాలుగేళ్ల సెంటు, ‘నేచురల్’ లోషన్, సున్నిపిండి ప్యాకెట్, ఇమిటేషన్ గొలుసు, మెడికల్ షాపు ట్యూబు, మీ ఆయన ఆఫ్టర్‌షేవ్ కూడా. ఏవి ఉన్నవి ఉన్నట్టు పెట్టాలి, ఏవి పలచన చేయాలి, ఏవి అసలు పెట్టకూడదు అన్నది డాక్టర్ చూసుకుంటారు.